ఫ్యాను ఆపాక

రాత్రి రెండింటికి ఆగిపోతందన్నా, అంది.
పచ్చలైటు ఆరిపోయి ఎర్రలైటు కన్ను తెరుస్తాదట.
తెల్లారి కాశీనగరం లైనుకి సగం బ్యాటరీతో పోయి
ఎత్తు మీద ప్యాసింజర్లని దింపి
తోయించిందట, ఇప్పటికి రెండుసార్లు.
సుకాంతి శబర్. పర్లాకిమిడిలో
కరెంటు బండి తోలే ఆడవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే,
రెండో ఆమె ఈమె చెల్లెలు.

ఛార్జరు బల్ల మీద పెట్టాను.
నాలుగు స్క్రూలుండాలి, ఒకటి లేదు.
మూత తీస్తే లోపల ఎర్రదుమ్ము, ఎండిన బల్లి తోక,
జీడిపప్పు పొట్టు ఎలా దూరిందో.

ముందు కెపాసిటర్ని ఖాళీ చేయాలి.
ప్లగ్గు పీకేసినా దాని కడుపులో
మూడొందల ఇరవై వోల్టులు
పగబట్టిన దాయాదిలా మాట్లాడకుండా కూచుంటాయి.
సిమెంటు రెసిస్టరు తాకించి, పది లెక్కపెట్టి,
మీటరు సున్నా అన్నాకే వేలు పెట్టాలి.

మా తాత కొమ్ముతో కొంగల్ని చెక్కేవాడు.
నూనె రాసి, సెగ చూపి, మెడ వంచేవాడు.
తొందరపడితే పగులుతాదిరా,
పగులు ముందు లోపలే పుడతాది, అనేవాడు.
ఆయన చేతులు నాకు రాలేదు.
కళ్ళజోడు మాత్రం అరలో ఉంది.

సీరీసు బల్బు పెట్టాను.
నూరు వాట్లది, ఫిలమెంటుది, పాతపట్నం సంతలో
ముసలాయన దగ్గర ఉన్న మూడూ కొనేశాను.
ఒక్కసారి భగ్గుమని మసకబారింది.
షార్టు లేదన్నమాట.
డయోడ్లు ఒకవైపే దారిచ్చాయి. ఫ్యూజు కూసింది.
బాడీకి లీకేజీ లేదు.
బ్యాటరీలకి కలిపితే పదకొండు ఆంపియర్లు,
కదలని అంకె.
పొద్దున పది నుంచి నాలుగు దాకా,
ఇంటి దగ్గర మూలిగి డాక్టరు ఎదుట
గుండ్రాయిలా కూచునే రోగి.

బాగానే ఉంది, మీ ఇంటి లైను చూపించుకో, అన్నాను.
ఆమె కదల్లేదు.
బల్ల చివర తిరుగుతున్న నా టేబుల్ ఫ్యాను కేసి చూసి,
"మా ఇంటికాడ దీనికెవరు ఇసురుతారన్నా?"

రేకుల కొట్టం, సీటు కింద గోనె, ఆ గోనెలో ఛార్జరు.

ఫ్యాను ఆపాను.
మే నెల. షట్టరు సగం దించాను.
ఛార్జరు మీద గోనె కప్పి
ఇద్దరం చెరో స్టూలు మీద కూచున్నాం.
మహేంద్రతనయలో నీళ్ళు లేవని ఆమె,
రైలు టైము మారిందని నేను,
తర్వాత ఏమీ లేదు, చెమట.

యాభై మూడో నిమిషానికి
పదకొండు తొమ్మిదైంది. తొమ్మిది సున్నా.
ఎర్రలైటు.

గోనె లాగి వెదురుపుల్లతో ఒక్కొక్క కాలూ నొక్కాను.
ట్రాన్స్‌ఫార్మరు మూడో కాలు దగ్గర పచ్చలైటు తిరిగొచ్చింది.
ప్లగ్గు పీకి, మళ్ళీ పది లెక్కపెట్టి,
తాత కళ్ళజోడు పెట్టుకుని చూస్తే
కాలు చుట్టూ వెంట్రుకంత ఉంగరం.
చల్లగా ఉంటే కలిసుంటుంది,
వేడెక్కితే విడిపోతుంది.

ఆ సోల్డరు నాది.
జనవరిలో, ఇదే ఛార్జరు, ఇదే కాలు.
ఐరన్ను పూర్తిగా కాగనివ్వలేదు ఆ రోజు,
బయట ఇంకో ముగ్గురున్నారు.
మూడొందల యాభై తీసుకున్నాను.
ఆ ముద్ద వంకర నాకు తెలుసు, నా సంతకం లాగే.

తీసేసి, గీకి, కొత్తగా అతికాను.
ఈసారి సోల్డరు తనంతట తను పారేదాకా ఆగాను.

"కెతే హేలా?" అంది పర్సు తీస్తూ.
రసీదులో పేరు రాశాను, తేదీ రాశాను.
గతుకుల రోడ్డు, అదురు, ఎవరి చేతిదైనా విడిపోవచ్చు,
అన్న మాట నాలుక మీదే ఉంది.
"ఇంతకుముందు నేనే సరిగ్గా అతకలేదు," అన్నాను.
తెలియలేదేమోనని మళ్ళీ ఒడియాలో అన్నాను.
తెలిసింది. మొదటిసారే తెలిసింది.
"బండి తోసినోళ్ళకి కూడా నువ్వే సెప్పు," అంది,
నవ్వలేదు.
పర్సు మూసి, ఛార్జరుని చంకన పెట్టుకుని
షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

రాత్రి రెండింటికి లేచి ఫోను చూశాను.
ఏమీ లేదు.
మూడింటికి మళ్ళీ చూశాను.